అది అట్టా చెయ్యదు

ఆ మంచం మీద వద్దే, పడుకుంటావు. కుర్చీ లాక్కొని ఇట్టా ఫ్యాను కిందకి రా. చెవుల్లో ఆ వైర్లు తీసెయ్. సరిగ్గా విని, నేను చెప్పింది చెప్పినట్టు ఫోన్లో కొట్టు, మధ్యలో నీ సొంత తెలివి కలపమాక. తప్పులుంటే తర్వాత చూసుకుందాం. ఆ చేత్తోనే ఇంకోటి తెరిచావంటే నాకు తెలిసిపోద్ది, నీ కళ్ళు ఊరుకోవు.

ఎవరికి రాస్తున్నామో ముందు పెట్టు. ఫోన్లో మన గదిలో ఉన్న వాళ్ళందరికీ. తాడేపల్లి అమ్మాయికి, కనిగిరి టీచరమ్మకి, కొత్తపట్నంలో చేపలమ్మే పిల్లకి, పేరు చెప్పకుండా వచ్చి విని వెళ్ళిపోయే వాళ్ళకి కూడా.

అమ్మా, మా వదిన పోయిందని నా మనవరాలు రెండు ముక్కలు పెట్టిన దగ్గర్నుంచీ మీరు అడుగుతున్నారు, ఆవిడ ఎలా ఉండేది, ఒక్క ఫోటో అయినా లేదా అని. ఫోటో పెట్టను. పేరు కూడా చెప్పను. బతికినన్నాళ్ళూ ఆమె మీకు గొంతే ఇచ్చింది, మొహం ఇవ్వలేదు. ఆమె దాచుకున్నది నేను బయట పెడితే బాగుండదు. మనిషి ఎలా ఉండేదో మాత్రం చెప్తాను. అది చెప్తే గానీ నేను అడగబోయే మాట మీకు అర్థం కాదు. ఆమె చెప్పిన కథలన్నీ గదిలోంచి తీసెయ్యమని ఒకళ్ళు నన్ను అడుగుతున్నారు. తియ్యాలా వద్దా అన్నది నా మెడకి చుట్టుకుంది. అన్నం సయించడం లేదు.

మావి ఎదురెదురు ఇళ్ళు. నాకు ఆమె వదిన వరస, ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఫోన్లో మీరు విన్నది అందులో సగమే. చేలో ఇటు గట్టు మీద నిలబడి, "ఒసేయ్, మంచినీళ్ళ బిందె మీద మూత పెట్టావా లేదా" అంటే రోడ్డు మీద పోయే ఆటోవాడు కూడా తల తిప్పి చూసేవాడు. మిరప వేసేది. కోతల రోజుల్లో ఆమె చేతులు ఒకటే మంట. ఆముదం రాసుకునేది, మజ్జిగలో ముంచుకునేది, ఏం చేసినా మంట మంటే. కన్ను, ముక్కు వేళ్ళతో ముట్టుకునేది కాదు. చెమట పట్టినా మోచేత్తోనే తుడుచుకునేది. ఫోను కూడా వేలి కొసతో కాదు, వేలి కణుపుతో నొక్కేది, తలుపు తట్టినట్టు టక్కు టక్కుమని. నా మనవరాలు నవ్వేది, "అమ్మమ్మా, ఫోన్లో ఎవరున్నారని తలుపు కొడుతున్నావు" అని. "ఎవరో ఒకళ్ళు ఉండకపోతారంటే" అనేది.

ఇది కూడా కొట్టావా? కొట్టు. నువ్వు నవ్వావని వాళ్ళకి తెలిస్తే నీ సొమ్మేం పోదు.

సాయంత్రం సీరియల్ టైముకి మా ఇంటికొచ్చేది. వాళ్ళింట్లో టీవీ ఉంది, కానీ ఆ వేళకి మనవళ్ళు క్రికెట్ పెట్టుకుంటారు. సోఫాలో కూర్చోమంటే కూర్చునేది కాదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకునేది. గదికి కొత్తగా వచ్చిన వాళ్ళుంటారేమో, సీరియల్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక పెద్దింట్లో ఇల్లాలు పోతుంది, చంటి పిల్లాడు మిగులుతాడు. ఆ ఇంటికి రెండో పెళ్ళాంగా ఒకావిడ వస్తుంది. ఇక అక్కడ్నుంచి ఆవిడ చెయ్యని పాపం లేదు. ఒకరోజు పిల్లాణ్ణి మేడ మీంచి తోస్తుంది, ఇంకోరోజు పాలల్లో విషం కలుపుతుంది. చూసే ప్రతి ఇల్లూ ఆవిణ్ణి తిడుతుంది. మా వదిన మాత్రం ఆవిడ తెర మీదకి రాగానే చాపిన కాళ్ళు ముడుచుకుని, పైట సర్దుకుని నిటారుగా కూర్చునేది. చుట్టపామె గుమ్మంలోకి వస్తే సర్దుకోమూ, అలాగే. "మనమ్మాయి వచ్చిందే" అనేది.

మా కోడలికి ఒళ్ళు మండేది. చేతిలో కూర గిన్నెతో నిలబడి, "దీన్ని చెప్పుతో కొట్టాలి పెద్దమ్మా, పసోడికి విషం పెడతదా" అంది ఒకసారి.

"అది అట్టా చెయ్యదు" అంది వదిన.

"చేసింది గదా, ఇప్పుడేగా చూపించింది."

"చూపిస్తారమ్మా, వాళ్ళదేం పోయింది. ఆ ఇంటికొచ్చి అది ఇంకా పెట్టెలో చీరలు తీసి సర్దుకోలా, అప్పుడే విషం పెట్టేసిందా? విషం పెట్టాలన్నా ముందు వంటింట్లో ఏ గిన్నె యాడుందో తెలవాలిగా. కొత్తగా వచ్చినదానికి ఉప్పు డబ్బాయే దొరకదు."

మా కోడలు నవ్వు ఆపుకోలేక కూర గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. నేనూ నవ్వాను. నవ్వాక మాత్రం ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది. ఎందుకో మీకు ముందు ముందు తెలుస్తుంది.

అప్పట్లో మా వీధి ఆడవాళ్ళం సీరియల్ కోసం ఆ ఆకుపచ్చ యాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఒకరోజు ఎపిసోడ్ అయిపోయి అందరం వంటలకి లేచాక అందులో వదిన గొంతు పడింది. "సరే. వాళ్ళు చూపించింది చూశారుగా. ఇప్పుడు జరిగింది చెప్తాను" అని మొదలుపెట్టింది. మీకు ఆ మాట తెలుసు. అదే ఆ మాట మొదటిసారి. మేడ మీంచి తోసింది కాదంట, వాడు పిట్టగోడ ఎక్కితే చొక్కా పట్టుకుని లాగిందంట. లాగినప్పుడు చొక్కా చిరిగితే కిందున్న వాళ్ళకి తోసినట్టు కనపడిందంట. అంతా చెప్పి, "ఉంటా, చార్జింగ్ అయిపోతంది" అని ఆపేసింది. ఎప్పుడూ అంతే. చార్జింగ్ నిండా ఉన్నా అదే మాట. కథ ఎలా ముగించాలో ఆమెకి తెలియదు. మొదలుపెట్టటం మాత్రం తెలుసు.

మర్నాడు కూలికి పోయిన చోట ఫోను స్టీలు గిన్నెలో పెట్టుకుని విన్నారు ఆడవాళ్ళు, గిన్నెలో పెడితే గొంతు పెద్దగా వస్తుందని. మిరప సాళ్ళలో ఒంగి కోసుకుంటూ, "తర్వాతేందంట" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూ. తిట్టినోళ్ళే మెల్లగా మెత్తబడ్డారు. నేను చూస్తుండగానే.

ఇప్పుడు మీకు తెలియని సంగతి చెప్తున్నా. వదిన ఈ ఊరికి రెండో సంబంధంగా వచ్చింది. మొదటావిడ కామెర్లతో పోతే, మరుసటేడు ఈమెని తెచ్చారు. అప్పటికి పిల్లాడు ఇంకా బడికి కూడా పోవటం లేదు. ఈమెకి మళ్ళీ పిల్లలు లేరు. ఆ పిల్లాడు పెద్దవాడయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, తండ్రి పోయాక కూడా ఆమెని ఇంట్లోనే పెట్టుకుని చూశాడు. మంచివాడే, చెయ్యి చేసుకోవటం, తాగటం ఏమీ లేవు. కానీ మాట లేదు. "పిన్నీ, అన్నం పెట్టు", "పిన్నీ, మోటారు ఆపు", అంతవరకే. ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే ఆ గ్రూపులో ఎవ్వరూ ఎత్తలేదు. మనం ఏడవటానికి ఒక పేరు కావాలి, సీరియల్ ఆ పేరు ఇచ్చింది.

ఇక ఆమె చేతుల్లో జరిగిన ఒక పొరపాటు సంగతి. కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. మిరప రైతులకి ఇంకో గ్రూపు ఉంటుంది, యార్డులో ఏ రకం కాయ ఎంత పలికిందో కమిషన్ కొట్టాయన అందులో పెడతాడు. ఊళ్ళో మిరప వేసిన మగాడల్లా ఉంటాడు అందులో, ఆడవాళ్ళలో వదిన ఒక్కతే. ఆ రోజు చేతులు భగభగమంటుంటే కణుపుతో నొక్కింది, నొక్కు పక్కకి పోయింది. మన కథ పోయి రేట్ల గ్రూపులో పడింది. పిల్లాడు మెలకువగా ఉంటే ముట్టుకోనివ్వడని, వాడు నిద్రపోయాక బడి చొక్కాకి గుండీ కుట్టుకుంటూ కూర్చున్న మనమ్మాయి కథ. తెల్లారి రేటు కోసం ఫోను తెరిచిన మగాళ్ళందరూ అది విన్నారు.

టీ కొట్టు దగ్గర మొదలైంది. "ఏరా, ఇవాళ సవతి తల్లి క్వింటా ఎంత పలికింది?" ఒకడు. "యాడ పలికిద్ది, తాలు కింద తీసేశారంట" ఇంకొకడు. ఎండలో రంగు పోయిన కాయని తాలు అంటారు, ఏరి పక్కన పోస్తారు, ఎవడూ దాని మొహం చూడడు. అది పాట అయిపోయింది ఊళ్ళో. వదిన సైకిల్ రిపేరు కొట్టు ముందు నుంచి పోతుంటే కూడా అన్నారు. ఆమె ఆగలేదు. చెప్పుల చప్పుడు మాత్రం కాస్త ఎక్కువైందంట.

ఆమె పెంచిన ఆ అబ్బాయి కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. సాయంత్రం మా గేటు దగ్గరికొచ్చి, లోపల ఆమె కూర్చుని ఉంటే, "పిన్నీ, నీకా రేట్ల గ్రూపెందుకు. రేటు నే చూసి చెప్తాగా" అన్నాడు. అంతే. కథ గురించి ఒక్క ముక్క లేదు. తిట్టినా బాగుండేది. వదిన అప్పటికప్పుడు ఫోను నా మనవరాలి చేతికిచ్చి రెండు గ్రూపుల్లోంచీ బయటికొచ్చేసింది. ఆ తర్వాత సీరియల్‌కి వచ్చేది, కూర్చునేది, పైట సర్దుకునేది, నోరు మాత్రం మెదిపేది కాదు. మా కోడలే ఉండబట్టలేక అడిగేది, "ఏం పెద్దమ్మా, ఇవాళ అది నిజంగానే చేసిందా?" వదిన తల అడ్డంగా ఊపేది. ఏం జరిగిందో చెప్పేది కాదు. నీళ్ళు ఆపేసిన కాలవలాగా ఉండేది ఇల్లంతా.

మేం చోటు వెతుక్కోవటం మొదలుపెట్టింది అప్పుడే. నీలం రంగు యాప్‌లో ఆ సీరియల్‌కి పెద్ద పేజీ ఉందని చేరాం. తిరణాలలో తప్పిపోయినట్టే. ఎటు చూసినా మనమ్మాయిని నరుకు, కాల్చు, గుండు కొట్టించు. వదిన ధైర్యం చేసి ఒక కథ పెట్టింది. కింద ఏం రాశారో నా మనవరాలు ముందు చదవనంది. "చదవ్వే, తిట్లు నాకు కొత్తా" అంటే చదివింది. "ఈ ముసల్ది కూడా విషం పెట్టే రకమే, దీనింట్లో పిల్లల్ని ఎవరైనా కాపాడండి" అని ఒకడు. దాన్ని మెచ్చుకుంటూ ఎంతమందో. వదిన లేచి వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చుంది. నేను వెళితే, "వదినా, నేను పెంచలేదంటావా?" అంది. జవాబు కోసం అడగలేదు. ఆమె మనవడు అక్కడే ఆడుకుంటున్నాడు.

తర్వాత చిన్న చిన్న వీడియోల యాప్ ఒకటి. అక్కడ ఆమె గొంతు తీసి గాడిద బొమ్మకి తగిలించారు. అక్కణ్ణుంచి కూడా వచ్చేశాం.

చివరికి నా మనవరాలే చెప్పింది, ఆటలాడుకునే పిల్లలు వాడే యాప్ ఒకటుంది, అందులో మన గది మనం కట్టుకోవచ్చు, తలుపు మన చేతిలో ఉంటుంది, నంబరు, మొహం ఎవరికీ కనపడవు అని. వదిన వెంటనే ఒప్పుకోలేదు. కాయ ఆరబోయటానికి కల్లం కోసం జాగా చూసినట్టే చూసింది దాన్ని. "కుక్కలు రాకుండా కంచె ఉందా? వచ్చినా తోలేదెవరు? మబ్బు పట్టిందంటే కప్పటానికి పట్టాలున్నాయా?" మనవరాలికి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కోటీ చూపించింది. ఇదుగో ఇక్కడ నొక్కితే మనిషి బయటికి పోతాడు, ఇదుగో ఇది నొక్కితే గది మూసుకుంటుంది, పోసింది ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటానికి నువ్వూ నాయనమ్మా ఇద్దరూ కాపలా. వదిన చాలాసేపు చూసి, "నేల బాగానే ఉంది. ఇక్కడే ఆరబోద్దాం" అంది.

గదికి పేరు కూడా ఆమె మాటే పెట్టాం. అది అట్టా చెయ్యదు. మీరందరూ ఆ పేరు చూసే కదా వచ్చారు. వచ్చిన వాళ్ళని ఊరు, కులం అడగొద్దంది. ఒక్కటే అడగమంది, మనమ్మాయి నీకెందుకు నచ్చిందని. కొత్తపట్నం పిల్లా, నువ్వేమన్నావో గుర్తుందా? "నాకు దాని నోరంటే ఇష్టం. అట్టాంటి నోరుంటే మా రేవులో బేరం తప్పిపోదు" అన్నావు. వదిన ఎంత నవ్విందో, పొలమారితే నేను నెత్తి మీద తట్టాను. టీచరమ్మ గారూ, మీరేమో బళ్ళో వెనక బెంచీ పిల్లల్ని చూసి చూసి, అందరూ తిట్టేవాళ్ళని తిట్టలేని జబ్బు వచ్చిందన్నారు. తాడేపల్లి అమ్మాయి చెప్పింది మాత్రం నాకు అక్షరం అక్షరం గుర్తే. "నన్ను పెంచింది మా పిన్ని. ఈ సీరియల్ వచ్చినప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది." అంతే రాసింది ఆ పిల్ల. వదిన ఆ మాట మళ్ళీ చదివించుకుంది. తర్వాత కణుపుతో నొక్కి, "లోపలికి రా తల్లీ" అంది. ఆ రోజు కథ లేదు.

ఆ తర్వాత వచ్చాయి కథలు, ఏరులా. వాటిల్లో ఒకటుంది, పాల కథ. సీరియల్లో పాలల్లో విషం కలిపిందని చూపించారుగా, అప్పుడు నిజంగా జరిగింది ఇదీ అని ఆమె చెప్పిన కథ. మీరందరూ ఏడ్చారు దానికి. పిల్లాడు మనమ్మాయి చేతి పాలు తాగడు. గ్లాసు నెట్టేస్తాడు. రోజూ నెట్టేస్తే ఆమె ఏం చేసిందంటే, ఆ పాలు గోడ మీదుగా ఎదురింటామెకి ఇచ్చి, "నువ్విచ్చినట్టు ఇవ్వు, నా పేరెత్తమాక" అంది. పిల్లాడు ఎదురింటి అరుగు మీద కూర్చుని తాగి, మూతి తుడుచుకుంటే, గోడ ఇవతల నిలబడి గ్లాసు చప్పుడు వినేది.

అమ్మా, ఆ ఎదురింటామెని నేనే.

కొట్టవే. ఎందుకట్టా చూస్తావు. నువ్వు పుట్టకముందు సంగతి. కొట్టు.

ఫోన్లో అది విన్నప్పుడు నా చేతిలో చాట అలాగే ఆగిపోయింది. మర్నాడు వదిన వస్తే మొహం మొహం చూసుకున్నాం. సీరియల్ చూశాం.

ఇంకో సంగతి. కథలు సాగేకొద్దీ గదిలో మనమ్మాయి దేవతైపోయింది. అప్పుడు తిట్టటానికి మీకు ఒకళ్ళు కావాల్సొచ్చింది. ఆ పిల్లాడు దొరికాడు. "మొండి వెధవ", "రాతి గుండె", "పెద్దయ్యాక వాడే అనుభవిస్తాడు", ప్రతి కథ కిందా ఇదే. వదిన చదివించుకునేది. మర్నాటి కథలో మాత్రం ఆ పిల్లాడు ఏదో చిన్న మంచి పని చేసేవాడు. జ్వరమొస్తే ఆమె కొంగు పట్టుకునేవాడు, లేకపోతే కుక్కపిల్లకి అన్నం పెట్టేవాడు. మీరు పట్టించుకోలేదు. నేను మాత్రం గమనిస్తూనే ఉన్నా.

పోయింది కూడా పనిలోనే. కోతల చివర్లో ఒకరోజు సాయంత్రం మబ్బు కమ్ముకొస్తే కల్లానికి పరుగెత్తింది. కాయంతా కప్పేసి, పట్టా అంచు లేవకుండా రాయి పెట్టి, ఆ రాయి పక్కనే కూర్చుంది. వాన పడలేదు. చూస్తే మనిషిలో ప్రాణం లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ అబ్బాయి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడే, "అత్తా, రేట్ల గ్రూపులో పిన్ని పాత వాయిసు మళ్ళీ తిప్పుతున్నారు. ఇంకా యాడో చాలా ఉన్నాయంటగా. అన్నీ తీయించు. పోయిన మనిషి గొంతుతో నవ్వులాట ఏంది" అన్నాడు. వాడన్నది తప్పు కాదు కదా. కానీ నేను, "మన గదిలో ఎవరూ నవ్వరురా. తీసేముందు ఒకటి విను" అన్నా. వినకుండానే వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చాడు. ఈసారి అడగలేదు నేను. ఫోను గిన్నెలో పెట్టి పాల కథ నొక్కాను. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కిందా పెట్టి నిలబడ్డవాడు అలాగే నిలబడిపోయాడు. అయ్యాక, "అత్తా, ఆ పాలు మీ గేదెవి కాదా?" అన్నాడు.

"మా గేదె ఆ ఏడు వట్టిపోయిందిరా. మీ ఇంటి పాలే. గోడ మీంచి వచ్చేవి."

మెట్టు మీద కూర్చున్నాడు. నడివయసు మనిషి, గడ్డం నెరిసింది. నాకు ఆ అరుగు మీది పిల్లాడే కనపడ్డాడు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

అక్కణ్ణుంచి రోజూ చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఈ మెట్టు మీదే కూర్చుని విన్నాడు. అన్నీ విన్నాడు. ప్రతి కథ కిందా మీరు రాసినవి కూడా చదువుకున్నాడు. నేను వద్దన్నా ఆగలేదు. ఒక్కోచోట వేలు పెట్టి మెల్లగా చదివేవాడు, "మొండి వెధవ" అని పైకే.

అన్నీ అయ్యాక అడిగాడు. "అత్తా, ఇవి నాకివ్వు. నాకిచ్చి, మిగతా అందరి దగ్గరా తీసెయ్."

"తీసెయ్యటం ఎందుకురా. నువ్వూ విను, వాళ్ళూ వింటారు."

"వాళ్ళెవరత్తా? ముక్కూ మొహం తెలీని వాళ్ళు. నాకు చెప్పాల్సింది వాళ్ళకి చెప్పింది. ఒక కప్పు కింద ఇన్నేళ్ళున్నాం, నాతో 'అన్నం తిన్నావా' తప్ప ఇంకో మాట లేదు ఆమెకి."

"నువ్వు వినే మొహం పెట్టావంట్రా ఏనాడన్నా?"

"పెట్టలా. అందుకే అడుగుతున్నా."

దానికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండమ్మా. నా మనవరాలేమో ఒక్క నొక్కు నొక్కితే అన్నీ పోతాయంటుంది, ఆ నొక్కు నా చేతిలో ఉంది. ఒకసారి వాడిదే న్యాయం అనిపిస్తుంది. ఆ పాలు తాగిన నోరు వాడిది, ఆ గుండీ పెట్టుకున్న చొక్కా వాడిది. మీకేం హక్కుంది అనిపిస్తుంది. మళ్ళీ తాడేపల్లి అమ్మాయి మొన్న చెప్పిన సంగతి గుర్తొస్తుంది. సీరియల్ వస్తే లేచి వంటింట్లోకి పోయే వాళ్ళ పిన్ని, ఇప్పుడు ఈ కథల టైముకి వంటిల్లు వదిలి వచ్చి పక్కన కూర్చుంటోందంట. తీసేస్తే ఆమె మళ్ళీ లేచి వెళ్ళిపోతుంది కదా. ఆమెకి నేనేం చెప్పను?

వదిన కూడా ఊరికే మీకు చెప్పలేదు. ఎన్ని చోట్ల తరిమితే ఇక్కడికి వచ్చింది. వినే చెవి దొరికిన చోట చెప్పింది. అది తప్పా?

వాణ్ణి గదిలోకే రమ్మన్నాను. "నువ్వే రారా, నీ చెవులతో నువ్వూ వాళ్ళతోపాటే విందువుగాని" అన్నా. తల వంచుకుని, "ఆ కథలో పిల్లాణ్ణి నేనేనని తెలిస్తే ఉమ్మేస్తారత్తా" అన్నాడు. లేదురా అని గట్టిగా అనలేకపోయాను. టీచరమ్మ గారూ, మీరు పెద్దవాళ్ళు, కోపగించుకోకండి. మొన్న వాడి సంగతి చూచాయగా చెప్తే, బతికుండగా పలకరించనివాడికి చచ్చాక తలుపు తియ్యొద్దన్నారు. అందరూ దానికి దండాలు పెట్టారు. వదినకి చోటు లేకుండా చేసినవాళ్ళు కూడా అచ్చం ఇలాగే, తామే న్యాయం చేస్తున్నామనుకున్నారు. మనం వెతుక్కుని వెతుక్కుని కట్టుకున్న గది అమ్మా ఇది. ఇందులో ఆమెకి చోటుండి, ఆమె పాలు పోసి పెంచినవాడికి చోటు లేకపోతే...

"అత్తయ్యా! అన్నం పెట్టా, రండి. మళ్ళీ చారు చల్లారిందంటారు."

వస్తన్నానమ్మా, ఒక్క మాట. నువ్వు లేవమాక, కొట్టు. తియ్యను అని రాయి. ఆ అబ్బాయికీ నేనే చెప్తాను, తియ్యనని. చెప్తే నా గుమ్మం తొక్కడేమో, తొక్కకపోయినా చెప్తాను.

"మాత్ర వేసుకోవాలత్తయ్యా మీరు, టైమయింది! దాన్ని కూడా లేపండి!"

ఆఁ, వస్తన్నా. ఈ ముక్క రాసెయ్. ఎప్పుడో ఒకప్పుడు వాడు ఆ గదిలోకి వస్తాడు, పేరు చెప్పకుండానే వస్తాడు, వచ్చి ఒక మూల కూర్చుంటాడు. అప్పుడు మీలో ఎవ్వరూ వాణ్ణి తరమమాకండి.